పాడటం రాని పిల్లకి శ్రుతిపెట్టె అప్పజెప్పిన టీచరు గారు

వంద హెర్ట్జ్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా సంగీతం టీచరు గారు పోయారని మొన్న మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పటికే ఇరవై రోజులైందట, పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆవిడ గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. ఇంట్లో మా ఆయనకి రెండుసార్లు చెప్పేశాను, మూడోసారి వినే ఓపిక ఆయనకి లేదు. అందుకే ఇక్కడ.

మాది బొబ్బిలి దగ్గర ఊరు, జిల్లా పరిషత్ బాలికల హైస్కూలు. 1988లో నేను ఏడో తరగతి. సంగీతం వారానికి రెండు పీరియడ్లు. మొదటి రోజు టీచరు గారు ఒక్కొక్కరినే లేపి "స" పలకమన్నారు. నా వంతు వచ్చింది. పలికాను. క్లాసంతా ఒకటే నవ్వు. టీచరు గారు మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఇలా రా గుంటా, ఈ పెట్టె పట్టుకో" అని శ్రుతిపెట్టె నా ఒళ్ళో పెట్టేశారు. తిత్తితో గాలి కొడుతుంటే పాడేవాళ్ళకి ఆధారంగా ఒకే స్వరం మోగిస్తూ ఉండే పెట్టె అది.

పదో తరగతి పరీక్షల దాకా ఆ తిత్తి నాదే. ప్రార్థనకి, ఆగస్టు 15కి, ఇన్‌స్పెక్షన్‌కి, ఎవరు పాడినా పెట్టె నేనే. "గాలి తెగనీకు. ఇంకా కాస్త మిగిలుండగానే నింపుకో" అనేవారు. పాడేవాళ్ళు మధ్యలో ఊపిరి తీసుకోవచ్చు కానీ నాకు ఆ వీలు లేదు. అలా అందరి గొంతులూ వింటూ కూర్చోవడం అలవాటైంది. ఎవరు అర చిటికెడు కిందకి జారారో నాకు ముందే తెలిసేది. పాడటం మాత్రం ఇప్పటికీ రాదు.

ఇప్పుడు నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ మోత మీరందరూ వినే ఉంటారు. మన దగ్గర కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కో తిరుగుడులో లోపలి ఇనప రేకులు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. కాబట్టి మోత 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. కొత్తలో రాత్రి షిఫ్టులో ఆ మోత విని ఉలిక్కిపడ్డాను. అచ్చం శ్రుతిపెట్టె! ఐదేళ్ళ క్రితం ఒక రాత్రి ఆ మోతలో సన్నగా ఓ బరబర వినిపించింది. పక్కనున్నాయన "నీకేదో భ్రమమ్మా" అన్నాడు. టార్చి వేసి చూస్తే ఒకచోట బిగింపు బోల్టు వదులైంది. ఆ రోజు ఆవిడకి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. నెంబరు లేదు. సంపాదించే ప్రయత్నమూ చేయలేదు, అదే ఇప్పుడు బాధ.

రెండు పనులున్నాయి మీతో. ఒకటి, మీ సంగీతం టీచర్ల గురించి రాయండి. రెండోది, ఆ శ్రుతిపెట్టె స్కూలు స్టోర్ రూములో విరిగిన బల్లల కింద దొరికింది. తిత్తి చినిగింది, సగం రీడ్లు పలకవు. బాగుచేసేవాళ్ళు ఎవరైనా తెలుసా?

కోటవీధి

అయ్యో, మా 52 సెకన్ల టీచరు గారేనా! నేను మీకంటే నాలుగేళ్ళు జూనియర్ని అక్కా. మీ పేరు అడగను, నాది చెప్పను, కానీ మనిద్దరం ఆ గులాబి రంగు గోడ పక్కనే నిలబడ్డవాళ్ళం.

మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. జనగణమన పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లని ప్రభుత్వ నియమాల్లో ఉంది. చాలా బడుల్లో సాగదీసి నిమిషం దాటించేస్తారు. మా టీచరు గారు చేతి వాచీ విప్పి అరచేతిలో పెట్టుకుని నిలబడేవారు. 58 వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఎండలో. హెడ్మాస్టరు గారు పక్కన ఉన్నా సరే. ఒకసారి ఓ పెద్దాయన ఎవరో ముఖ్య అతిథిగా వచ్చి మైకు లాక్కుని మరీ సాగదీస్తుంటే, ఈవిడ ముఖం చూడాలి! ఇప్పటికీ ఎక్కడ జనగణమన విన్నా మనసులో లెక్కపెడుతూనే ఉంటాను. మొన్న మా అపార్టుమెంటులో జెండా పండక్కి 67 సెకన్లు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నా.

కీచుగొంతు

మీరంతా అదృష్టవంతులు. వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి.

మా స్కూల్లోనూ సంగీతం టీచరు ఉండేవారు. జిల్లా వేరు, ఊరు చెప్పను. ఎనిమిదో తరగతిలో బృందగానానికి నన్నూ ఎంచుకున్నారు, ఎత్తుకి సరిపోతానని. రిహార్సల్లో నా గొంతు విని, "నువ్వు పెదాలు కదుపు చాలు, శబ్దం రానీకు" అన్నారు. అందరి ముందూ. కార్యక్రమం రోజు పట్టు పరికిణీ కట్టుకుని పెదాలు కదిపాను. మా అమ్మ ఎదురుగా కూర్చుని మురిసిపోతోంది, నేను పాడుతున్నాననుకుని.

ఆ తర్వాత నేను పాడలేదు. నా ఇద్దరు పిల్లలకీ జోలపాట పాడలేదు, ఫోన్లో పెట్టేదాన్ని. మంచి టీచరు ప్రభావం నలభై ఏళ్ళుంటే, ఇలాంటి మాట ప్రభావం కూడా అంతే ఉంటుందండీ. ఎవరూ రాయరు గానీ.

వంద హెర్ట్జ్

కీచుగొంతు గారూ, అనుకోవడానికి ఏముందండీ. చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ రోజు మా క్లాసు నవ్విన నవ్వుకి మా టీచరు గారు కూడా ఆ మాటే అని ఉంటే నేనూ మీలాగే రాసేదాన్ని.

కానీ ఒక్కటి. నాకు పెట్టె ఇచ్చి వదిలేయలేదు ఆవిడ. ముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. మధ్యాహ్నం భోజనాల బెల్లు తర్వాత ఓ పది నిమిషాలు కూర్చోబెట్టేవారు. నోరు మూసుకుని, పెట్టె మోతలో నా మోత కలపమనేవారు, తుమ్మెదలా. సరిగమలు లేవు, పాట లేదు. ఒక చెవి మూసుకోమనేవారు, అప్పుడు మన గొంతు మనకి లోపలి నుంచి వినిపిస్తుంది. కలవనప్పుడు రెండు మోతల మధ్య వావ్ వావ్ అని అలలాగా వస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ అల నెమ్మదిస్తుంది. కలిసిపోతే ఆగిపోతుంది. "అల ఆగిందా?" అని అడిగేవారు. నాకు అది ఆగడానికి దసరా నుంచి సంక్రాంతి దాకా పట్టింది. ఆగిన రోజు ఆవిడేం పొగడలేదు. "ఊఁ, రేపు మళ్ళీ" అన్నారు. నా సంగీతం మొత్తం ఆ ఒక్క "స" యే. అయినా అది నాది.

రిటైర్డ్ పంతులు

చర్చ చదువుతున్నాను. నేను లెక్కల మాస్టారుని, 34 ఏళ్ళు పనిచేశాను. ఒక సంగతి కలుపుతాను.

ఒకప్పుడు మా బళ్ళలో డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు టీచరు, డ్రిల్లు మాస్టారు, బాలికల బడైతే సంగీతం టీచరు ఉండేవారు. స్టాఫ్ రూములో వీళ్ళకి చివరి కుర్చీలు. పరీక్షలు దగ్గరపడితే మొదట మేం లాక్కునేది వాళ్ళ పీరియడ్లే. నేనూ లాక్కున్నాను, దాచడం ఎందుకు. మా బడిలో సంగీతం టీచరు రిటైరయ్యాక ఆ కుర్చీలో మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. హార్మోనియం అటకెక్కింది.

కాగితం మీద మాత్రం లోటు లేదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది కంటే ఎక్కువ పిల్లలుంటే కళావిద్యకి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాశారు. పార్ట్‌టైమ్ అన్న మాట గమనించండి. మీ టీచరు గారు ఆ పిల్ల అల ఆగడానికి దసరా నుంచి సంక్రాంతి దాకా ఆగారు. ఏడాదికోసారి రెన్యువల్ టెన్షన్‌లో ఉండే మనిషిని అంత ఆగమని ఎలా అడుగుతాం?

కోటవీధి

మాస్టారూ, పీరియడ్లు లాక్కున్నది ఒప్పుకున్నారు కాబట్టి క్షమించేశాం 🙂

గంటస్తంభం

మాది విజయనగరం. సంగీతం టీచర్ల మాట వస్తే మా ఊరు ఊరుకోదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల మాది. ఘంటసాల, సుశీల గారు అక్కడ చదివినవాళ్ళే.

మీ అందరికీ ఘంటసాల పాటలు తెలుసు. ఆయనకి నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి పేరు ఎంతమందికి తెలుసు? సాలూరు చిన గురువు గారంటారు ఆయన్ని. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం మా ఊరొచ్చిన కుర్రాడికి తిండికి గతి లేదు. శాస్త్రి గారూ ఉన్నవారు కాదు. అయినా పైసా తీసుకోకుండా ఇంట్లో పాఠం చెప్పారు. కుర్రాడు జోలె కట్టుకుని మధుకరం, అంటే ఇంటింటా అడిగిన అన్నం, ఎత్తుకుని తిన్నాడు. మా తాతల కాలంలో ఆ జోలెలో అన్నం వేసిన ఇళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ చూపిస్తారు. నిజంగా వేశారో, తర్వాత అందరూ వేశామని చెప్పుకుంటున్నారో నాకు అనుమానమే అనుకోండి.

పనసచెక్క

చిన్న సవరణ గంటస్తంభం గారూ. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వారు మొదట్లో వయొలిన్ చెప్పడానికి చేరారు, ప్రిన్సిపాలయింది 1936లో.

గంటస్తంభం

నిజమే, తొందరలో కలిపేశాను. మా ఊరివాణ్ణయి ఉండి దాసు గారిని మర్చిపోవడం! మా నాన్న చూస్తే తలుపు తీయడు.

పనసచెక్క

పరవాలేదులెండి. నేనూ ఈ టీచరు గారి శిష్యురాలినే. 1994 బ్యాచి.

మమ్మల్ని ఓ శనివారం గొల్లపల్లి తీసుకెళ్ళారు, బొబ్బిలి వీణలు చేసే చోటికి. ముప్పై మందిమి, నడిచే. అక్కడ ఓ పెద్దాయన పనస దుంగని లోపల తొలుస్తున్నాడు. అంతా ఒకే చెక్క, అతుకు లేదు. ఏకాండి వీణ అన్నారు. ఇంటికి పోయేదాకా మేం ఆ మాటే అనుకుంటూ నడిచాం, ఏకాండి ఏకాండి అని. వీణకి 24 మెట్లు. వాటిని మైనంలో నిలబెడతారు. ఆ మైనం నల్లగా ఎందుకుందని నేనడిగితే, ఆయన చెప్పేలోపు టీచరు గారే "అడుగు, ఇంకా అడుగు" అన్నారు. క్లాసులో ప్రశ్న అడిగితే కూర్చోమనే రోజులవి. నేను మెట్టు మెట్టుకీ ఒక ప్రశ్న అడిగాను. సాయంత్రమైపోయింది. ఇళ్ళ దగ్గర తిట్లు పడ్డాయి అందరికీ.

నేను వీణ నేర్చుకోలేదు. ఇప్పుడు వడ్రంగం పనుల వ్యాపారం మాది, మా మావగారిది. టేకు గురించి ఎవరైనా మాట్లాడొచ్చు, పనస గురించి మాత్రం మా ఇంట్లో నేనే మాట్లాడాలి.

డాలస్ అమ్మ

మా అమ్మాయి ఇక్కడ జూమ్‌లో నేర్చుకుంటోంది, టీచరు గారు రాజమండ్రిలో. ఆవిడకి తెల్లవారు, మాకు సాయంత్రం. ఇంటర్నెట్లో ధ్వని ఆలస్యంగా వస్తుంది కదా, ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. ఆవిడ పాడి ఆపితే ఇది పాడాలి. ఆ పైన చెప్పిన అల ఆగడం మా అమ్మాయికి ఇంతవరకూ తెలియదని చదివాక అర్థమైంది. ఫోన్లో శ్రుతి యాప్ ఉంది. దాన్ని పెట్టి నోరు మూసుకుని కలపమన్నాను. "మమ్మీ, ఇది చక్కిలిగింతలా ఉంది" అంది.

మా బడిలో నేర్పింది నాకు ఒక్కటే మిగిలింది, ఆది తాళం. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ట్రాఫిక్‌లో స్టీరింగు మీద వేస్తూ ఉంటా.

హార్మణీ తాత

పద్యనాటకాలకి హార్మణీ వాయించిన వాణ్ణమ్మా. వయసు 71. మనవడు టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

పెట్టె పారేయకండి. సగం రీడ్లు పలకడం లేదంటే చచ్చిపోయాయని కాదు, దుమ్ము పట్టి నాలుకలు ఇరుక్కుని ఉంటాయి. రీడు అంటే ఇత్తడి పలకలో చిన్న ఇత్తడి నాలుక. పైచెక్క విప్పి, పల్చటి కాగితం ముక్క నాలుక కింద దూర్చి మెల్లగా లాగాలి. గోరుతో మీటి చూడాలి. నూనె వేయొద్దు. చాలామంది చేసే తప్పు అదే, నూనెకి ఇంకా దుమ్ము పడుతుంది.

శ్రుతి తగ్గితే నాలుక కొస దగ్గర ఒక్క గీత గీస్తే పెరుగుతుంది. ఎక్కువైతే మొదట్లో గీస్తే తగ్గుతుంది. కానీ అది చెయ్యి తిరిగినవాళ్ళ పని, మీరు చేయకండి. తిత్తికి మెత్తటి తోలు గాని దట్టమైన గుడ్డ గాని అతికించాలి. ఆరాక గట్టిపడే జిగురైతే మడత దగ్గర మళ్ళీ పగులుతుంది.

ఫోటో పెట్టమ్మా, చెప్తాను. మీ జిల్లాలోనే బాగుచేసేవాళ్ళున్నారు, విడిగా మెసేజ్ పెడతాను.

వంద హెర్ట్జ్

తాతగారూ, ఫోటోలు పంపాను. హెడ్మాస్టరు గారు రాతపూర్వకంగా అడగమన్నారు, ఇచ్చాను. పనసచెక్క గారు పైచెక్క పగులు తను చూస్తానన్నారు.

ఒక చిక్కుంది. పెట్టె మీద మీటల పక్కన శ్రుతి ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెలు అరిగిపోయాయి. టీచరు గారు ఏ మీట తీసేవారో ఎవరికైనా గుర్తుందా?

కోటవీధి

ఐదు.

పనసచెక్క

ఐదున్నర. ఖాయంగా.

కోటవీధి

ఐదు అక్కా. మాకు పై షడ్జం, అదే పై "స", సులువుగా అందేది.

పనసచెక్క

మాకు అందేది కాదు, మెడ నరాలు ఉబ్బేవి. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు పైకి వెళ్తుంటే వెనక బెంచీ వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయేవారు.

గంటస్తంభం

మీ ఇద్దరి బ్యాచిలకి మధ్యలో మార్చారేమో. వయసుతో గొంతు దిగుతుంది కదా.

వంద హెర్ట్జ్

నిన్న రాత్రి షిఫ్టులో ఒక పని చేశాను. నవ్వకండి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఆ మోత 100 హెర్ట్జ్. గ్రిడ్‌లో కరెంటు తిరుగుడుని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్యనే ఉంచాలని మాకు నియమం, కాబట్టి అది పెద్దగా కదలదు. లెక్కకి అది ఐదు శ్రుతికి కాస్త పైన, ఐదున్నరకి కాస్త కింద. సరిగ్గా మీ ఇద్దరి మధ్యలో! కొత్తలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆ మోత విని నాకు అనిపించింది ఇప్పటికీ గుర్తుంది: "మన పెట్టే, కొంచెం దిగింది" అని. దిగింది అనిపించిందంటే మన పెట్టె దానికంటే పైనుండాలి. ఐదున్నర.

రిటైర్డ్ పంతులు

అమ్మా, తర్కం బావుంది. కానీ ఆ పెట్టె అప్పటికే కాస్త హెచ్చుగా పలికే పాతదైతే? అది ఐదే అయి ఉండి, రీడు పెరిగి ఉంటే?

హార్మణీ తాత

మాస్టారు చెప్పింది జరుగుతుంది. అంకె సంగతి వదిలేయండి. రీడ్లు శుభ్రమయ్యాక ఒక్కో మీటా తీసి ఆ అమ్మాయికి వినిపించండి. అంకె ఏదైతేనేం.

వంద హెర్ట్జ్

పెట్టె శనివారం వచ్చింది. తాతగారు చెప్పినాయనే చేశారు, 1,800 తీసుకున్నారు. పాత విద్యార్థులం తలా కొంత వేసుకున్నాం, పనసచెక్క గారు చెక్కపనికి డబ్బు వద్దన్నారు.

స్టాఫ్ రూములో మీటలు ఒక్కొక్కటే తీశాను. రెండోది కాదు. మూడోది కాదు. తర్వాతది తీయగానే చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఫోన్లో యాప్ పెట్టి చూస్తే ఐదున్నరే, కాకపోతే మాస్టారు అన్నట్టు ఓ పిసరు హెచ్చు. ఆ పిసరు సరిచేయొద్దని చెప్పాను.

సోమవారం ప్రార్థనకి ఆరో తరగతి పిల్లకిచ్చాం. పాడేవాళ్ళ వరసలో వద్దంటే వెనక నిలబడ్డ పిల్లట. చేతులు వణుకుతూ గబగబా కొట్టేస్తోంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

కోటవీధి

జనగణమన ఎంతకి అయింది?

వంద హెర్ట్జ్

61. మళ్ళీ పాడించలేదు, నాకు ఆ ధైర్యం లేదు.

కీచుగొంతు

నేను ఇంకా పాడలేదు. కానీ నిన్న వంటింట్లో ఫ్రిజ్ మోతకి నోరు మూసుకుని కలిపి చూశాను. మా చిన్నాడు "అమ్మా, ఫ్రిజ్ పాడైందా?" అన్నాడు. నవ్వొచ్చింది. అల ఆగలేదు. దసరాకి చూద్దాం.

హార్మణీ తాత

వానాకాలం వస్తోంది. పెట్టెని గోడకి ఆనించి పెట్టొద్దు, చెమ్మ ఎక్కుతుంది. కలరా ఉండలు రెండు గుడ్డలో కట్టి పెట్టండి, రీడ్ల పక్కన కాదు, ఓ మూలకి. ఎవరూ వాయించకపోయినా వారానికోసారి తిత్తి ఆడించమని ఆ పిల్లకి చెప్పండమ్మా.